వంకర తెలుగుది కాదు, ఖాళీలది



"తెలుగు కంప్యూటరుకు ఒదగదు" అనే మాట తరచుగా నా చెవిన పడుతున్నది. అన్నవారు తెలుగు రానివారైతే నవ్వి ఊరుకోవచ్చు. తెలుగు మాధ్యమంలో చదివి, పద్యాలు అప్పజెప్పి, ఆపైన ఇంజనీరింగు పూర్తిచేసి, హైదరాబాదులోనో బెంగుళూరులోనో సెల్‌ఫోన్ యాప్‌లు తయారుచేస్తున్నవారే ఆ మాట అంటున్నారు. వారిలో కొందరు నా దగ్గర చదువుకున్నవారే. "మాస్టారూ, తెలుగు వాక్యం తిరగబడి ఉంటుంది. ఇంగ్లీషులో అంకెలు వరుసగా వచ్చి కూర్చుంటాయి. తెలుగులోకి వచ్చేసరికి తారుమారవుతాయి. భాషలోనే ఏదో ఇబ్బంది ఉన్నది" అని వారి అభియోగం. ఈ అభియోగాన్ని నేను అంగీకరించను. నేరం జరుగుతున్న మాట వాస్తవమే. నేరస్థురాలు మాత్రం తెలుగు కాదు. ఆ సంగతి నిరూపించడానికే ఈ టపా వ్రాస్తున్నాను.

ముందుగా, ఈ వృత్తితో పరిచయం లేని పాఠకుల కోసం నాలుగు మాటలు. యాప్ తయారుచేసేవారు తెర మీద కనిపించే వాక్యాలను ప్రోగ్రాము నడుమ వ్రాయరు. వాటిని విడిగా ఒక పట్టికలో ఉంచుతారు. అందులోని ఒక్కొక్క వాక్యాన్ని స్ట్రింగు అంటారు. భాషకు ఒక్కొక్క పట్టిక. ఫోన్ తెలుగులో ఉంటే తెలుగు పట్టిక నుంచి, ఇంగ్లీషులో ఉంటే ఇంగ్లీషు పట్టిక నుంచి వాక్యం తెర మీదికి వస్తుంది. లెక్కలు, రోజులు, సొమ్ములు ముందుగా తెలియవు గనుక వాటి స్థానంలో ఖాళీలు వదలుతారు. శాతం గుర్తు పెట్టి, దాని పక్కన డీ అనే ఇంగ్లీషు అక్షరం వ్రాస్తే అది అంకె పడవలసిన ఖాళీ. మనం ప్రశ్నపత్రంలో "క్రింది ఖాళీలను పూరింపుము" అని ఇస్తాం కదా, ఇదీ అంతే. పూరించేది విద్యార్థి కాదు, యంత్రం. వాక్యంలో ఒకే ఖాళీ ఉంటే పేచీ తక్కువ. రెండు ఖాళీలుండి, రెండింటిలోనూ అంకెలే పడవలసివస్తే అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. మా తిరువూరు చుట్టుపక్కల మామిడి, పత్తి, మిరప పండించే రైతులు ఎక్కువ. ఒక రైతు అప్పు తీసుకొని వాయిదాలలో తీరుస్తున్నాడనుకొందాం. మొత్తం వాయిదాలు పన్నెండు, కట్టినవి అయిదు. ఇంగ్లీషు వాక్యం "ఫైవ్ ఆఫ్ ట్వెల్వ్" అని నడుస్తుంది. అంటే భాగం ముందు, మొత్తం వెనుక. తెలుగు వాక్యం "12 వాయిదాలలో 5 చెల్లించారు" అని నడుస్తుంది. మొత్తం ముందు, భాగం వెనుక. ఇది మన భాషకు సహజమైన నడక. పరీక్ష వ్రాసి వచ్చిన పిల్లవాడిని ఏ తల్లి అయినా "వందకు ఎన్ని వచ్చాయిరా?" అనే అడుగుతుంది. వంద ముందు, వచ్చినవి తరువాత. పాత్ర చూపించి పాలు కొలవడం వంటిది ఇది. దీనిని తిరగబడటం అనే అధికారం ఎవరికీ లేదు. వారి వాక్యం వారిది, మన వాక్యం మనది.

ఇప్పుడు యంత్రం ఏమి చేస్తుందో చూడండి. ప్రోగ్రామరు ఇంగ్లీషు వాక్యాన్ని చూసి, ముందు 5, తరువాత 12 అనే వరుసలో అంకెలను అందిస్తాడు. ఖాళీలకు పేర్లు లేవు, సంఖ్యలు లేవు. కనుక ముందు వచ్చిన అంకె ముందున్న ఖాళీలో పడుతుంది, వెనుక వచ్చినది వెనుక ఖాళీలో పడుతుంది. అనువాదకుడు చక్కని తెలుగులో వాక్యం వ్రాసినందుకు ప్రతిఫలంగా తెర మీద "5 వాయిదాలలో 12 చెల్లించారు" అని వస్తుంది. అప్పుడు అందరూ అనువాదకుణ్ణి తిడతారు, తరువాత తెలుగును తిడతారు. ఖాళీకి గుర్తు వేయనివాణ్ణి మాత్రం ఎవరూ తిట్టరు.

ఇందులో గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. రెండు ఖాళీలలో ఒకటి పేరుకూ, ఒకటి అంకెకూ అయితే ఈ తప్పు దాగదు. అంకె పడవలసిన ఖాళీలోకి పేరు వస్తే ఆండ్రాయిడ్ ఫోనులో యాప్ అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆగిపోయిన యాప్‌ను ఎవరో ఒకరు బాగుచేస్తారు. రెండూ అంకెలే అయినప్పుడు యంత్రానికి ఏ అభ్యంతరమూ ఉండదు. అంకె అడిగారు, అంకె ఇచ్చారు, సరిపోయింది. తప్పు నిశ్శబ్దంగా తెర మీద నిలబడుతుంది. యంత్రం ఆగిపోయే తప్పుకన్న, యంత్రం ఆగకుండా అబద్ధం చెప్పే తప్పు వేయిరెట్లు ప్రమాదకరం.

వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు లక్షణాలుండాలని మన శాస్త్రకారులు చెప్పారు. పదాలు ఒకదానినొకటి కోరుకోవాలి. వాటి అర్థాలు ఒకదానికొకటి పొసగాలి. అవి దగ్గరదగ్గరగా ఉచ్చరింపబడాలి. "అగ్నితో తడుపుతున్నాడు" అన్నప్పుడు యోగ్యత లేదని విద్యార్థి ఎలా పట్టుకుంటాడో, "5 వాయిదాలలో 12 చెల్లించారు" అన్నప్పుడు కూడ రైతు అలాగే పట్టుకుంటాడు. విస్తుపోతాడు గాని మోసపోడు. మరి మందుల విషయం తీసుకోండి. వైద్యుడు రోజుకు 2 సార్లు, 5 రోజులు వాడమన్నాడు. ఇంగ్లీషులో సార్ల సంఖ్య ముందు వస్తుంది, రోజుల సంఖ్య తరువాత వస్తుంది. అనువాదకుడు "5 రోజుల పాటు రోజుకు 2 సార్లు" అని శుభ్రంగా వ్రాశాడు. ఖాళీలకు గుర్తులు లేకపోతే తెర మీద పడేది "2 రోజుల పాటు రోజుకు 5 సార్లు". ఈ వాక్యంలో యోగ్యతకు లోపమేమీ లేదు. వ్యాకరణం నిక్షేపంగా ఉన్నది. అన్వయం కుదిరింది. అర్థం కుదిరింది. మనిషి ఒక్కడే ఆపదలో పడ్డాడు. చదివినవాడు పండితుడైనా ఈ తప్పును పట్టుకోలేడు. "అనువాదమే కదా, కొంచెం అటూ ఇటూ అయితే ఏమి?" అనేవారికి నా సమాధానం ఈ వాక్యమే.

ఇక ప్రతిపక్షుల వాదాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మొదటి వాదం: "అంకెల వరుస మార్చకుండానే తెలుగులో వ్రాయవచ్చు కదా!" వ్రాయవచ్చు. "రోజుకు 2 సార్లు చొప్పున 5 రోజులు" అన్నప్పుడు వరుస దైవికంగా కుదిరింది. అన్నిచోట్లా కుదరదు. కుదరనిచోట బలవంతం చేస్తే పుట్టేది "5 యొక్క 12" వంటి వికృతరూపం. "యొక్క" అనేది మన విభక్తి ప్రత్యయమే, దాని మీద నాకు ద్వేషం లేదు. కాని ఇంగ్లీషు "ఆఫ్" కనిపించినచోటల్లా దానిని తెచ్చి అతికించడం భాష చేసుకున్న పాపం కాదు. మరికొందరు ఈ గొడవంతా ఎందుకని రెండంకెల నడుమ ఒక ఏటవాలు గీత గీసి "5/12" అని వదిలేస్తారు. అది అయిదో నెల పన్నెండో తేదీయా, డిసెంబరు అయిదా, పన్నెండింట అయిదు వంతులా, పన్నెండు వాయిదాలలో అయిదా? వాక్యం వ్రాయలేక గీత గీసినవారు తెలుగు వచ్చిన మనిషిని నిరక్షరాస్యుణ్ణి చేస్తున్నారు.

రెండవ వాదం: "సాంకేతిక పరిజ్ఞానంలో అందుకు వీలు లేదు." ఇది అసత్యం. వీలు లేకపోవడం కాదు, వాడుకొనే శ్రద్ధ లేకపోవడం. ఈ శాతం గుర్తుల పద్ధతి 1970ల నాటి సీ భాష నుంచి వచ్చినది. సీ భాషా ప్రమాణంలో ఖాళీలకు సంఖ్యలు వేసే సదుపాయం లేదన్నది నిజమే. కాని యూనిక్స్ వంశపు వ్యవస్థలకు ప్రమాణమైన పోసిక్స్‌లో అది ఉన్నది. శాతం గుర్తుకూ డీ అక్షరానికీ నడుమ 1 అని వేసి డాలరు గుర్తు పెడితే అది మొదటి అంకె ఖాళీ. 2 వేస్తే రెండవ అంకె ఖాళీ. వాక్యంలో వాటిని ఎక్కడ పెట్టినా సరే, ఏ అంకె ఎక్కడికి పోవాలో యంత్రానికి తెలుస్తుంది. 2004లో వచ్చిన జావా 5లో ఈ పద్ధతి ఉన్నది. ఐఫోనులోనూ ఉన్నది. ఆండ్రాయిడ్ సంగతి మరీ విశేషం. అక్కడ ఒకే వాక్యంలో రెండు ఖాళీలు పెట్టి సంఖ్యలు వేయకపోతే, యాప్ కట్టే దశలోనే పనిముట్టు అభ్యంతరం చెబుతుంది. అంటే పహరావాడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు! మనవారు ఏమి చేస్తారు? ఈ వాక్యాన్ని పరిశీలించవద్దని చెప్పే సదుపాయం ఒకటి ఉంటే, దానిని తగిలించి లోపలికి వెళ్ళిపోతారు. ఆ సదుపాయం నిజమైన శాతం గుర్తులున్న వాక్యాల వంటి అవసరాలకు ఉద్దేశించినది. దానిని పహరావాడి నోరు నొక్కడానికి వాడుకుంటున్నారు.

ఈ ఖాళీల సంఖ్యలు తెలుగువారికి కొత్త కాదు. తరగతిలో పద్యం చెప్పేటప్పుడు పదాల నెత్తిన పెన్సిలుతో 1, 2, 3 అని అంకెలు వేయించేవాళ్ళం. ఛందస్సు కోసం కవి కర్తను చివరి పాదంలో పెట్టినా, క్రియను మొదటి పాదంలో పెట్టినా, ఆ అంకెల వెంట నడిస్తే అన్వయక్రమం దొరికేది. పదం ఎక్కడ కూర్చున్నదన్నది వేరు, దాని సంబంధం ఏమిటన్నది వేరు. ఈ భేదం ఎనిమిదవ తరగతి పిల్లవాడికి బోధపడుతుంది. అదే విద్య సాఫ్ట్‌వేరులోకి వెళ్ళి డాలరు గుర్తు తగిలించుకున్నది. దానిని వాడటానికి కష్టమేమిటో నాకు బోధపడదు.

"ఇంగ్లీషు వాక్యంలో సంఖ్యలు వేయకపోతే ఏమి? తెలుగు అనువాదకుడే తన వాక్యంలో వేసుకోవచ్చు కదా" అని ఒకరు అడ్డుతగిలారు. ఆండ్రాయిడ్‌లో అలా వేసుకుంటే పనిచేస్తుంది, నిజమే. కాని అనువాదకుడికి చేరేది ప్రోగ్రాము కాదు. ఎక్సెల్ పట్టిక ఒకటి చేరుతుంది. దాని పైన "గుర్తులను ముట్టుకోవద్దు" అని ఆజ్ఞ ఉంటుంది. ఏ ఖాళీలో ఏమి పడుతుందో చెప్పేవారుండరు. నాకూ అటువంటి పట్టిక ఒకటి వచ్చింది. రెండు ఖాళీలు, వాటి నడుమ "ఆఫ్" అనే ఒక్క మాట. అవి పుటలా, ప్రశ్నలా, రూపాయలా అని అడిగితే, "ఏదైనా కావచ్చు, సామాన్యంగా వ్రాయండి" అని జవాబు వచ్చింది. ఏదైనా కావచ్చుననే వాక్యం తెలుగులో లేదు. పుటలైతే "10 పుటలలో 3వది" అంటాం, ప్రశ్నలైతే "10 ప్రశ్నలకు 3 సరి" అంటాం, రూపాయలైతే "10 రూపాయలలో 3 ముట్టినవి" అంటాం. అర్థం చెప్పకుండా అనువాదం అడగడం, ముఖం చూపకుండా చిత్తరువు వ్రాయమనడం వంటిది. పైథాన్ వంటి భాషలలోనైతే పేరులేని ఖాళీల పాత పద్ధతిలో వరుస మార్చే దారే అనువాదకుడికి లేదు. అందుకనే గ్నూ గెట్‌టెక్స్ట్ అనే అనువాద పరికరం అటువంటి వాక్యం కనబడగానే, దీనిని అనువాదకుడు సరిగా మలచలేడని ప్రోగ్రామరునే హెచ్చరిస్తుంది. యంత్రానికున్నపాటి ఇంగితం మనుషులకు లేకపోవడం శోచనీయం.

ఇంతకంటె ఘోరం మరొకటి ఉన్నది. కొందరు వాక్యాన్ని ముక్కలు చేస్తారు. "మీకు" ఒక ముక్క, అంకె, "కొత్త సందేశాలు" ఒక ముక్క, మరొక అంకె, "చదవనివి" ఒక ముక్క. వీటిని ప్రోగ్రాములో కూడిక గుర్తులతో అతికిస్తారు. అనువాదకుడికి ముక్కలు విడివిడిగా, ఒక్కొక్కసారి అకారాది క్రమంలో అందుతాయి! సన్నిధి లేని పదాలు వాక్యం కావని చెప్పుకున్నాం. ఉదయం "గోవును" అని, సాయంత్రం "తెమ్ము" అంటే ఎవడూ గోవును తేడు. ముక్కలకు అనువాదం ఉండదు, వాక్యానికే ఉంటుంది. ముక్కలు ఇచ్చినవాడు ఇంగ్లీషు క్రమాన్ని శాసనంగా చెక్కి, మన పదాలను దాని మీద అంటించమంటున్నాడు. అది అనువాదం కాదు, అతుకుల బొంత.

మూడవ వాదం: "తెలుగులో ఏకవచన బహువచనాలు క్లిష్టం." వినడానికి ఇది పెద్ద వాదంలాగా ఉంటుంది. విప్పి చూస్తే డొల్ల. ప్రపంచ భాషలలో అంకెను బట్టి వాక్యం ఎలా మారుతుందో యూనికోడ్ సంస్థ సేకరించి, ఆరు గదులుగా విభజించింది. అరబ్బీకి ఆరు గదులూ కావాలి. రష్యనుకు నాలుగు. జపనీసుకు ఒక్కటే. తెలుగుకు రెండంటే రెండు: ఒకటి, తక్కినవన్నీ. ఇంగ్లీషుకూ రెండే. మరి క్లిష్టత ఎక్కడున్నది? "1 సందేశం వచ్చింది", "7 సందేశాలు వచ్చాయి". ఇంతే.

క్లిష్టత ఇంగ్లీషు అలవాటులో ఉన్నది. ఇంగ్లీషులో "ఎస్" అక్షరాన్ని కుండలీకరణంలో పెట్టి, ఏకవచనమో బహువచనమో మీరే చూసుకోండని వదిలేస్తారు. దానిని అనుకరించి మనవారు "సందేశం(లు)" అని వ్రాస్తున్నారు. అయ్యా, సందేశం బహువచనం సందేశంలు కాదు, సందేశాలు. ఊరు(లు) అనగానే ఊళ్ళు కాదు. ఇల్లు(లు) అనగానే ఇళ్ళు కాదు. కన్ను(లు) అనగానే కళ్ళు కాదు. తెలుగు బహువచనం చాలా నామాలలో వట్టి తోక తగిలించుకొని ఊరుకోదు, నామం లోపలికి చొరబడి రూపం మారుస్తుంది. పైగా వెంట క్రియను కూడ మారుస్తుంది. కనుక ఏకవచన వాక్యం ఒకటి, బహువచన వాక్యం ఒకటి, రెండూ పూర్తిగా వ్రాయవలసిందే. ఆండ్రాయిడ్‌లో అందుకు ఏర్పాటు ఉన్నది, ఐఫోనులో ఉన్నది. వాడుకోవడమే తరువాయి.

అయితే వాక్యంలో రెండంకెలు ఉన్నప్పుడు రెండంకెలకూ వచన భేదం చూడవలసి వస్తుంది. పెట్టెలూ పుస్తకాలూ తీసుకొందాం. 1 పెట్టెలో 1 పుస్తకం ఉన్నది. 1 పెట్టెలో 3 పుస్తకాలు ఉన్నాయి. 4 పెట్టెలలో 1 పుస్తకం ఉన్నది. 4 పెట్టెలలో 3 పుస్తకాలు ఉన్నాయి. మొత్తం నాలుగు వాక్యాలు. క్రియ ఎప్పుడూ పుస్తకాలను బట్టే మారుతున్నది, పెట్టెలను బట్టి కాదు; కర్త పుస్తకం గనుక. ఆండ్రాయిడ్‌లోని బహువచన ఏర్పాటు వాక్యాన్ని ఎంచుకోవడానికి ఒక్క అంకెనే చూస్తుంది. ప్రోగ్రామరు ఏ అంకెను చూపిస్తే అదే గతి. "కాపీ చేయబడినవి" వంటి ఇంగ్లీషు వాక్యాలలో క్రియ ఏ అంకెకూ మారదు. కనుక అతడు చేతికందిన అంకెను చూపిస్తాడు. ఫలితంగా "4 పెట్టెలలో 1 పుస్తకాలు ఉన్నాయి" అని వస్తుంది. దీనికీ విరుగుడు ఉన్నది. ఐఫోనులో ఒకే వాక్యంలోని ఒక్కొక్క అంకెకు వేరు వేరుగా వచన నియమం చెప్పుకోవచ్చు. యూనికోడ్ వారి ఐసీయూ అనే సాధనంలో (ఆసుపత్రి గది కాదు) ఒక నియమంలో మరొక నియమాన్ని ఇమిడ్చి, ఈ నాలుగు వాక్యాలనూ నాలుగుగానే వ్రాసుకోవచ్చు. మనకు నాలుగుతో సరిపోతున్నది. అరబ్బీవారికి ఆరారుల ముప్పయిఆరు వరకు కావలసి రావచ్చు. వారు కాదనని పనికి మనం నాలుగు వాక్యాలు వ్రాయలేమా?

మనుషుల లెక్క వచ్చేసరికి మరొక విలక్షణత ఉన్నది. "2 స్నేహితులు", "3 విద్యార్థులు" అని తెర మీద చూసినప్పుడు నాకు పంటి కింద రాయి పడినట్టుంటుంది. వస్తువులైతే రెండు, మూడు; మనుషులైతే ఇద్దరు, ముగ్గురు. మనిషిని వస్తువు నుంచి వేరుచేసి లెక్కపెట్టే సంస్కారం మన భాషకున్నది. దానికీ ఆ రెండు గదులే చాలు. ఒకటి అన్న గదిలో "ఒకరు వచ్చారు", తక్కిన గదిలో అంకె తరువాత "మంది వచ్చారు" అని వ్రాస్తే పని జరిగిపోతుంది. ఇంకా సొగసుగా ఉండాలంటే ఐసీయూలో కచ్చితంగా 2 అయితే ఇద్దరు, 3 అయితే ముగ్గురు అని కూడ చెప్పుకోవచ్చు.

విభక్తుల విషయంలో అనువాదకులకు ఒక మనవి. ఖాళీకే ప్రత్యయం తగిలించకండి. కు, ను అనేవి ముందు ఇకారం ఉంటే కి, ని అవుతాయని 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం నుంచి మనం చదువుకుంటున్నాం. ఖాళీలో ఏమి పడుతుందో తెలియనప్పుడు ఏ రూపం వ్రాస్తారు? పైగా సంఖ్యావాచకాలకు రెంటికి, మూటికి, నాలుగింటికి అనే ప్రత్యేక రూపాలు ఉన్నాయి. కనుక అంకె పక్కన ఒక నామం పెట్టి, విభక్తిని ఆ నామానికి తగిలించండి. "12 వాయిదాలలో", "5 గంటలకు", "3 ఊళ్ళ నుంచి". అప్పుడు ఖాళీలో ఏ అంకె పడినా వాక్యం చెక్కుచెదరదు. లక్షల సొమ్ము చూపించేటప్పుడు కూడ వట్టి అంకెను ఖాళీలో పడవేయకండి. తెలుగుకు 1,50,000 అని లక్షల పద్ధతిలో కామాలు పెట్టాలని యూనికోడ్ వారి ప్రాంతీయ వివరాలలో నమోదై ఉన్నది. దానిని అడిగి తెచ్చుకోవడమే తక్కువ.

ఇదంతా ఆచరణలో సాధ్యమా అని అడిగేవారికి మన ముంగిటే సాక్ష్యం ఉన్నది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలయింది. దానిని నడిపించే మీడియావికీ సాఫ్ట్‌వేరులో ప్రతి ఖాళీకీ సంఖ్య ఉంటుంది. అనువాదకుడు రెండవ ఖాళీని ముందుకు తెచ్చుకోవచ్చు. ఏ అంకెకు ఆ అంకెకు వచన భేదం వ్రాసుకోవచ్చు. ఏ ఖాళీలో ఏమి పడుతుందో వివరించే టిప్పణి కూడ సందేశాల వెంట ఉంచే సంప్రదాయం వారిది. జీతం తీసుకోని స్వచ్ఛంద కార్యకర్తలు ఈ పద్ధతిలోనే తెలుగు చేశారు. జీతాలు తీసుకొనేవారికి అది అసాధ్యమెట్లా అవుతుంది?

నాలుగవ వాదం మన ఇంటివారిదే: "ఫోన్ ఇంగ్లీషులో పెట్టుకుంటే పోయె!" 2014లో ఆండ్రాయిడ్ 5తో ఫోన్ మొత్తాన్ని తెలుగులో చూసుకొనే వీలు కలిగింది. 1966లోనే మన రాష్ట్రంలో అధికార భాషా చట్టం వచ్చింది. 2008లో తెలుగుకు ప్రాచీన భాషగా కేంద్రం గుర్తింపు లభించింది. ఇన్ని గౌరవాలు పొందిన భాషలో "పన్నెండింటిలో అయిదు" అనే చిన్న మాట తిన్నగా చెప్పించుకోలేక ఇంగ్లీషు చాటుకు పోదామా? ఇంగ్లీషు వచ్చినవారు పోగలరు. మందుబిళ్ళల లెక్క, పింఛను లెక్క, అప్పు లెక్క ఫోనులో చూసుకొనే వృద్ధురాలు ఎక్కడికి పోతుంది?

ఈ సందర్భంలో మా పండితవర్గానికీ ఒక మాట చెప్పక తప్పదు. యాప్‌ను అనువర్తనం అనాలా, సెల్‌ఫోన్‌ను చరవాణి అనాలా అని మనం ఏళ్ళ తరబడి కత్తులు దూస్తున్నాం. అన్యదేశ్యాలు తెలుగుకు కొత్త కాదు. వచ్చిన మాటను మన విభక్తులు, మన క్రియలు కలుపుకొనిపోతాయి. మాట పరాయిదైనా నడక మనదైతే భాష బ్రతుకుతుంది. మాటలన్నీ అచ్చతెలుగువే అయి, నడక పరాయిదైతే అది తెలుగు లిపిలో వ్రాసిన ఇంగ్లీషే. మనం గుమ్మం దగ్గర పదాలకు పరీక్ష పెడుతూ కూర్చుంటే, పెరటిగుండా అన్వయాన్ని ఎత్తుకుపోతున్నారు.

2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అనే ఒక్క అక్షరం ఐఫోన్లను కూల్చిందని ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. కొద్ది రోజులలోనే ఆపిల్ దానిని సవరించింది. అక్షరం యంత్రాన్ని పడగొట్టింది గనుక అంత తొందర. యంత్రం నిక్షేపంగా నడుస్తూ మనిషికి తప్పు లెక్క చెబితే అటువంటి తొందర ఎవరికీ ఉండదు. ఆ తొందర మనమే పుట్టించాలి.

కనుక యాప్‌లు తయారుచేసే నాయనలారా, అమ్మలారా, మీ దగ్గర నేను కోరేవి అయిదే.

ఒకటి: వాక్యంలో రెండు ఖాళీలున్నప్పుడు తప్పనిసరిగా సంఖ్య గాని పేరు గాని వేయండి. ఇంగ్లీషుకు అవసరం లేకపోయినా వేయండి.

రెండు: వాక్యాన్ని ముక్కలు చేయకండి. పూర్తి వాక్యం ఇవ్వండి, వరుసను మాకు విడిచిపెట్టండి.

మూడు: రెండంకెలుంటే రెండంకెల వచనాన్నీ చూడండి. కుండలీకరణంలో "లు" పెట్టి చేతులు దులుపుకోకండి.

నాలుగు: ఏ ఖాళీలో ఏమి పడుతుందో ఒక్క పంక్తిలో వ్రాసి పంపండి.

అయిదు: పరీక్షించేటప్పుడు 1, 1 అనీ 2, 2 అనీ ఒకే అంకెలు ఇవ్వకండి. అంకెలు తారుమారయినా అటువంటి పరీక్షలో తెలియదు. 5, 12 వంటి వేరు వేరు అంకెలు ఇచ్చి, తెర మీద వచ్చినదానిని తెలుగు చదవగలిగిన ఒక మనిషికి చూపించండి. ఆ మనిషి మీ అమ్మగారైనా చాలు.

ఈ అయిదింటిలో ఏ ఒక్కటీ కొత్తగా కనిపెట్టవలసినది కాదు. పనిముట్లన్నీ మీ చేతిలోనే ఉన్నాయి. వాటిని వాడి చూసిన తరువాత కూడ వాక్యం వంకరగా వస్తే, అప్పుడు తెలుగును నిందించండి. అంతవరకు ఆ నోరు కట్టిపెట్టవలసిందని నా మనవి.

స్వస్తి.